రాజుగారు బతికున్నదే పంపమన్నారు: రాక్షస స్లాత్ కోసం మూడు వెతుకులాటలు



ఈ రోజు ఎపిసోడ్ ఒక గవర్నమెంట్ ఆర్డర్‌తో మొదలుపెడదాం. 1788 సెప్టెంబర్‌లో స్పెయిన్ రాజు మూడో కార్లోస్ దగ్గర్నుంచి అట్లాంటిక్ సముద్రం అవతల ఉన్న బ్యూనస్ ఎయిర్స్‌కి ఒక ఉత్తర్వు వెళ్ళింది. అప్పట్లో ఆ ప్రాంతం స్పెయిన్ పాలనలో ఉండేది. అంతకు కొన్ని నెలల ముందు అక్కడి వైస్రాయ్ ఒక పెద్ద జంతువు ఎముకల్ని పెట్టెల్లో సర్ది మాడ్రిడ్‌కి పంపాడు. ఇప్పుడు రాజుగారి ఉత్తర్వులో ఉన్నది ఏంటంటే, ఈ ఎముకల జంతువు బతికున్నది ఒకటి ఎక్కడైనా దొరుకుతుందేమో విచారించండి. చిన్నదైనా పర్లేదు, ప్రాణంతో పంపండి. అది కుదరకపోతే చర్మంలో గడ్డి కూరి అయినా పంపండి.

నవ్వొస్తుంది కదా? ఆ జంతువు దాదాపు నాలుగు టన్నుల బరువు. మన గుడి ఏనుగంత. పైగా ఆ ఆర్డర్ వెళ్ళేనాటికి ఆ జాతిలో చివరిది చచ్చిపోయి పది వేల ఏళ్ళు దాటింది.

మొదటిసారి ఇది చదివినప్పుడు నేనూ నవ్వాను. తర్వాత ఆలోచిస్తే నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే రాజుగారు తెలివితక్కువగా ఏమీ అడగలేదు. ఎముకలు ఉన్నాయంటే జంతువు ఉంటుంది. ఇక్కడ లేకపోతే ఇంకోచోట ఉంటుంది. 1788లో చదువుకున్న వాళ్ళలో కూడా చాలామంది ఇలాగే అనుకునేవాళ్ళు. ఒక జంతుజాతి భూమ్మీద ఒక్కటి కూడా మిగలకుండా పూర్తిగా పోగలదు అనే ఆలోచన అప్పటికి ఇంకా స్థిరపడలేదు. మనం స్కూల్లో చదువుకున్న "అంతరించిపోయిన జంతువులు" అనే పాఠం ఆ రోజుల్లో ఏ పుస్తకంలోనూ లేదు.

ఆ పాఠం మనిషికి నేర్పిన జంతువుల్లో ఒకటి ఈ రాక్షస స్లాత్. అయితే అంత తేలిగ్గా నేర్పలేదు. దీన్ని ప్రాణాలతో పట్టుకోవాలని ఒకసారి రాజు ఆర్డర్ వేశాడు, ఒకసారి అమెరికా ప్రెసిడెంట్ ఆశపడ్డాడు, ఒకసారి లండన్ న్యూస్‌పేపర్ మనిషిని పంపింది. మూడు వెతుకులాటలు, మధ్యలో 112 ఏళ్ళు. ఈ రోజు ఆ కథ.

ముందు అసలు స్లాత్ అంటే ఏంటో చూద్దాం. మన దేశంలో స్లాత్ లేదు కాబట్టి తెలుగులో దానికి పేరు కూడా లేదు. జూటోపియా సినిమా చూశారా? మన ఆర్టీఓ ఆఫీసు లాంటి చోట కౌంటర్ వెనక కూర్చుని, ఒక్కో మాటకి అర నిమిషం తీసుకునే క్యారెక్టర్ ఉంటుంది కదా, అదే స్లాత్. సెంట్రల్, సౌత్ అమెరికా అడవుల్లో చెట్టుకొమ్మకి తలకిందులుగా వేలాడుతూ ఆకులు తింటూ ఉంటుంది. నాలుగు నుంచి ఎనిమిది కిలోలు, అంతే. చిన్నపిల్లాడి స్కూల్ బ్యాగంత బరువు.

ఇప్పుడు దాని చుట్టాన్ని ఊహించుకోండి. పేరు మెగాథీరియం. తల నుంచి తోక చివరి దాకా ఆరు మీటర్లు. కొమ్మలు దీని బరువు ఆపలేవు కాబట్టి ఇది నేల మీదే నడిచేది, అది కూడా పాదాల పక్క అంచుల మీద. చేతులకి పెద్ద పెద్ద వంకర గోళ్ళు. ఎత్తులో ఉన్న ఆకులు కావాలంటే వెనక కాళ్ళ మీద నిలబడి, లావాటి తోకని నేలకి ఆనించేది. మూడు కాళ్ళ పీటలాగా అన్నమాట. చేతులతో కొమ్మ వంచి ఆకులు తినేది. ముందు పళ్ళు లేవు, నమిలే పళ్ళు మాత్రమే. ఇలా నేల మీద తిరిగిన స్లాత్‌లని గ్రౌండ్ స్లాత్‌లు అంటారు. ఇవి ఒకటి రెండు కాదు, రకరకాల సైజుల్లో చాలా జాతులు ఉండేవి. అర్జెంటీనా మైదానాల నుంచి ఉత్తర అమెరికా దాకా, మధ్యలో కరీబియన్ దీవుల్లో కూడా. ఈ ఎపిసోడ్‌లో మూడు జాతులు వస్తాయి. మెగాథీరియం, మెగలానిక్స్, మైలోడాన్. పేర్లు గుర్తుండకపోయినా పర్లేదు, మనుషుల్ని గుర్తుపెట్టుకోండి.

మొదటి కథ, మెగాథీరియం. 1787లో బ్యూనస్ ఎయిర్స్‌కి పడమరగా లుహాన్ అనే నది ఒడ్డున మాన్యుయెల్ దె తోర్రెస్ అనే క్రైస్తవ సన్యాసికి మట్టిలో పెద్ద పెద్ద ఎముకలు కనిపించాయి. ఆయన వాటిని జాగ్రత్తగా తవ్వించాడు. వైస్రాయ్‌కి సంగతి చెప్పాడు. అస్థిపంజరం మాడ్రిడ్‌లోని రాజుగారి మ్యూజియంకి చేరింది. కార్లోస్‌కి తవ్వకాలు కొత్తేం కాదు. కుర్రతనంలో ఆయన ఇటలీలో నేపుల్స్ రాజుగా ఉన్నప్పుడే పాంపే తవ్వకాలు మొదలయ్యాయి. అందుకే ఈ విషయంలో అంత ఆసక్తి.

మ్యూజియంలో హువాన్ బౌతిస్తా బ్రూ అని ఒకాయన ఉండేవాడు. బొమ్మలు వేస్తాడు, చచ్చిన జంతువుల్ని ప్రదర్శనకి తయారు చేస్తాడు. ఈ ఎముకల్ని అతుకు పెట్టి నిలబెట్టే పని ఆయనకి అప్పగించారు. మాన్యువల్ లేకుండా ఐకియా బీరువా బిగించడం ఎలా ఉంటుందో అనుభవం ఉన్నవాళ్ళకి తెలుసు. బ్రూ పరిస్థితి ఇంకా ఘోరం. బీరువా చివరికి ఎలా ఉండాలో మనకి ఫోటో అయినా ఉంటుంది. ఈయన అలాంటి జంతువుని జన్మలో చూడలేదు, భూమ్మీద ఎవరూ చూడలేదు. అయినా నాలుగు కాళ్ళ మీద నిలబెట్టాడు. కొన్ని తప్పులు చేశాడు. కానీ ఒక శిలాజ జంతువుని, బతికున్నట్టు నిలబెట్టి జనానికి చూపించడం ప్రపంచంలో ఇదే మొదటిసారి అంటారు. మన తెలంగాణలో యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అనే డైనోసార్ హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంటుంది, మీలో చాలామంది స్కూల్ ట్రిప్‌లో చూసే ఉంటారు. అలా నిలబెట్టే పద్ధతికి పెద్దన్న ఈ మాడ్రిడ్ మెగాథీరియం. అది ఇప్పటికీ అక్కడే మ్యూజియంలో ఉంది.

రాజుగారికి బతికున్నది మాత్రం రాలేదు. ఆర్డర్ వేసిన మూడు నెలలకి, 1788 డిసెంబర్‌లో ఆయనే చనిపోయాడు. మొదటి వెతుకులాట అక్కడితో సరి.

ఇప్పుడు మాడ్రిడ్ నుంచి పారిస్ వెళ్దాం. బ్రూ ఆ ఎముకల బొమ్మలు చాలా వివరంగా వేశాడు. వాటి కాపీలు పారిస్‌లో జార్జ్ క్యువియే అనే కుర్రాడి చేతికి వచ్చాయి. 1796 మొదట్లో ఆయన వయసు 26. అంటే ఈ వీడియో చూస్తున్న మీలో చాలామంది వయసే. క్యువియే మాడ్రిడ్ వెళ్ళలేదు, ఎముక ఒక్కటీ ముట్టుకోలేదు. బొమ్మలు ముందు పెట్టుకుని పళ్ళు, గోళ్ళు, చెంప ఎముక ఆకారం, అన్నీ బతికున్న జంతువులతో పోల్చి చూశాడు. చివరికి తేల్చింది ఏంటంటే, ఇది చెట్లకి వేలాడే ఆ బుల్లి స్లాత్‌ల చుట్టం. మెగాథీరియం అని పేరు పెట్టింది కూడా ఆయనే. పెద్ద మృగం అని అర్థం. నాలుగు కిలోల జంతువుకి నాలుగు టన్నుల చుట్టం ఉందంటే ఎవరు నమ్ముతారు? కానీ ఎముకలు అలాగే ఉన్నాయి మరి.

అదే ఏడాది క్యువియే ఏనుగుల మీద కూడా మాట్లాడాడు. సైబీరియాలో దొరికే మామత్ ఎముకలు ఇప్పటి ఆసియా ఏనుగువీ కావు, ఆఫ్రికా ఏనుగువీ కావు, అది వేరే జాతి, ఇప్పుడు లేదు అని చెప్పాడు.

ఇక్కడ ఒక లాజిక్ ఉంది, కొంచెం ఆగి చూద్దాం. శిలాజాలు అప్పటికి కొత్త కాదు. రాళ్ళలో వింత వింత గవ్వలు ఎప్పటి నుంచో దొరుకుతున్నాయి. కానీ అలాంటి గవ్వ చూపించి "ఈ జాతి పోయింది" అంటే, అవతలి వాడు "సముద్రం అడుగున ఉందేమో, నువ్వు చూశావా?" అనేవాడు. దానికి జవాబు లేదు. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినప్పుడు రోజూ ఇదే తలనొప్పి. సెర్చ్ చేస్తే సున్నా రిజల్ట్స్ వచ్చాయి. డేటా నిజంగా లేదా, నా క్వెరీ తప్పా? ఉంది అని చెప్పడానికి ఒక్క రికార్డ్ చాలు. లేదు అని చెప్పాలంటే మొత్తం వెతకాలి. ఏనుగంత జంతువు దగ్గర మాత్రం లెక్క మారిపోతుంది. నాలుగు టన్నుల జంతువు గుంపులు గుంపులుగా తిరుగుతుంటే ఎవరికీ కనబడకుండా ఎక్కడ దాక్కుంటుంది? అందుకే పెద్ద ఎముకలే ఈ వాదన గెలిపించాయి.

కానీ ఒక్క చోట తలుపు ఇంకా తెరిచే ఉంది. ఉత్తర అమెరికా లోపలి భాగం. యూరప్ నుంచి వెళ్ళి స్థిరపడినవాళ్ళకి అక్కడ పడమటి వైపు ఏముందో తెలియదు. స్థానిక అమెరికన్ జాతులు వేల ఏళ్ళుగా అక్కడే ఉంటున్నాయి, వాళ్ళకి ఆ నేల బాగా తెలుసు. కానీ వీళ్ళ మ్యాపుల్లో అది ఖాళీ. "ఆ ఖాళీలో ఉండొచ్చు కదా?" అన్న పెద్దమనిషి మన రెండో కథలో హీరో. థామస్ జెఫర్సన్.

అదే 1796లో, ఇప్పటి వెస్ట్ వర్జీనియాలో ఒక గుహలో సురేకారం కోసం తవ్వుతున్నవాళ్ళకి ఎముకలు దొరికాయి. సురేకారం అంటే తుపాకీ మందులో వేసే ఉప్పు. చేతి ఎముకలు కొన్ని, వాటితో పాటు భారీ గోళ్ళు. కల్నల్ జాన్ స్టూవర్ట్ అనే ఆయన వాటిని జెఫర్సన్‌కి పంపాడు. జెఫర్సన్ గోళ్ళు చూశాడు. గోళ్ళు అంటే పంజా, పంజా అంటే సింహం. సింహం గోరుతో పోల్చి లెక్క కట్టాడు. సింహానికి మూడు రెట్లు పెద్ద మృగం అని తేల్చాడు. మెగలానిక్స్, అంటే పెద్ద గోరు, అని పేరు పెట్టాడు.

ఆయన సింహాన్ని కోరుకోవడానికి వెనక ఒక పాత గొడవ కూడా ఉంది. ఫ్రాన్స్‌లో బుఫాన్ అనే చాలా పేరున్న ప్రకృతి శాస్త్రవేత్త, అమెరికా ఖండం జంతువులు పాత ప్రపంచం జంతువుల కంటే చిన్నవి, నీరసమైనవి అని రాశాడు. జెఫర్సన్‌కి ఒళ్ళు మండింది. ఫ్రాన్స్‌లో రాయబారిగా ఉన్నప్పుడు, "మా జంతువులు ఎంతెంత ఉంటాయో చూడు" అని నిరూపించడానికి అమెరికా నుంచి మూస్ అనే పెద్ద దుప్పి చర్మం, ఎముకలు ఓడలో తెప్పించాడు. నిజంగా తెప్పించాడు. అలాంటి మనిషి చేతికి సింహం కంటే పెద్ద గోరు వచ్చింది. ఇక ఆగుతాడా? మనకి కావాల్సిన జవాబు ముందే మనసులో ఉంటే, దొరికిన ప్రతి గోరూ సింహం గోరులాగే కనిపిస్తుంది.

1797 మార్చిలో జెఫర్సన్ అమెరికా వైస్ ప్రెసిడెంట్‌గా ప్రమాణం చేయడానికి ఫిలడెల్ఫియా వెళ్ళాడు. ఎముకలు కూడా వెంట తీసుకెళ్ళాడు. 4న ప్రమాణ స్వీకారం, 10న అమెరికన్ ఫిలసాఫికల్ సొసైటీలో పేపర్ చదవాలి. సరిగ్గా ఆ మధ్యలో ఒక లండన్ మ్యాగజైన్ ఆయన కంటబడింది. అందులో మాడ్రిడ్ అస్థిపంజరం గురించి, క్యువియే చెప్పిన సంగతుల గురించి ఉంది. బొమ్మతో సహా. బొమ్మలో గోళ్ళు చూస్తే అచ్చం తన దగ్గర ఉన్నవాటిలాగే ఉన్నాయి. అంటే ఇది సింహం కాకపోవచ్చు. ఆకులు తినే స్లాత్ చుట్టం కావచ్చు.

రిలీజ్ ముందు రోజు రాత్రి కోడ్‌లో పెద్ద బగ్ దొరికితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకే ఈ సీన్ నాకు చాలా ఇష్టం. జెఫర్సన్ పేపర్ దాచేయలేదు. పంజా ఉన్న జంతువు అని కాస్త జాగ్రత్తగా మార్చుకుని, మెగాథీరియంతో పోలిక ఉందని చివర్లో ఒక భాగం చేర్చాడు. తర్వాత క్యాస్పర్ విస్టార్ అనే డాక్టర్ ఆ ఎముకల్ని సరిగ్గా వర్ణించి, ఇవి స్లాత్ ఎముకల్ని పోలి ఉన్నాయని రాశాడు. 1822లో దానికి శాస్త్రీయంగా జెఫర్సన్ పేరే కలిపారు. ఇప్పుడు అది వెస్ట్ వర్జీనియా రాష్ట్ర అధికారిక శిలాజం.

జంతువు ఏదో తేలింది. బతికుందా లేదా అన్నది ఇంకా తేలలేదు. ఆ పేపర్‌లోనే జెఫర్సన్ వాదన ఉంది. ప్రకృతి ఒక గొలుసు. అందులో ఒక లింకు పోవచ్చని ఒప్పుకుంటే, ఇంకోటి పోవచ్చు, ఆ తర్వాత ఇంకోటి, అలా ఒక్కొక్కటిగా మొత్తం గొలుసే పోవచ్చు. అలా జరగదు కాబట్టి ఈ జంతువు లోపల ఎక్కడో ఉండే ఉంటుంది. అడవిలో రాత్రిపూట భయంకరమైన గర్జన వినిపించిందని, చీకట్లో మెరిసే కళ్ళు కనిపించాయని వేటగాళ్ళు చెప్పుకునే కథలు కూడా సాక్ష్యంగా పెట్టాడు.

1801లో ఆయన ప్రెసిడెంట్ అయ్యాడు. మెరివెదర్ లూయిస్, విలియం క్లార్క్ నాయకత్వంలో ఒక దళాన్ని పసిఫిక్ సముద్రం దాకా పంపించాడు. 1804లో బయల్దేరి 1806లో తిరిగొచ్చారు. అసలు పని దారి కనుక్కోవడం, మ్యాపులు, వ్యాపారం, స్థానిక జాతులతో సంబంధాలు. కానీ 1803లో ఇచ్చిన సూచనల్లో ఒక లైన్ ఉంది. అక్కడి జంతువుల్ని గమనించండి, అరుదైనవి, అంతరించాయని అనుకుంటున్నవి ఏవైనా ఉంటే వాటి అవశేషాలు, వాటి గురించి వినిపించే కబుర్లు కూడా రాసుకోండి అని. గమనించారా, గొలుసులో లింకు పోదు అన్న మనిషి చేతి రాతలోకి "అంతరించిన" అన్న మాట వచ్చేసింది.

వాళ్ళు గ్రిజ్లీ ఎలుగుబంటి గురించి రాసుకొచ్చారు. ప్రెయిరీ డాగ్ అనే ఉడతజాతి జంతువుని ప్రాణాలతో పంపించారు. యూరప్ శాస్త్రవేత్తలకి తెలియని మొక్కలు, జంతువులు బోలెడు పట్టికకెక్కించారు. రాక్షస స్లాత్ మాత్రం లేదు. దాని గర్జన కూడా లేదు. మ్యాపులో ఖాళీ నిండింది, జంతువు దాక్కోడానికి చోటు తగ్గింది. 1823లో, 80వ పుట్టినరోజుకి రెండు రోజుల ముందు, జెఫర్సన్ తన పాత మిత్రుడు జాన్ ఆడమ్స్‌కి రాసిన ఉత్తరంలో కొన్ని జంతుజాతులు అంతరించిపోయాయని మామూలుగా రాసేశాడు. మనసు మారడానికి పాతికేళ్ళు పైన పట్టింది. కానీ మారింది. ట్విట్టర్ లేని రోజులు కాబట్టి కుదిరిందేమో.

మూడో కథకి మళ్ళీ సౌత్ అమెరికా వెళ్ళాలి. ఈసారి ఖండం అడుగున, చిలీ దేశంలో, చలిగాలులు కొట్టే పాటగోనియా. ఇక్కడి జంతువు మైలోడాన్. 1832లో చార్లెస్ డార్విన్ ఓడ ప్రయాణంలో అర్జెంటీనా తీరంలో తవ్వి తీసిన ఎముకల్లో ఇది కూడా ఉంది. అందుకే రిచర్డ్ ఓవెన్ దానికి డార్విన్ పేరు కలిపి మైలోడాన్ డార్వినీ అని పెట్టాడు. ఈ కాలానికి అంతరించడం అనేది అందరూ ఒప్పుకున్న సంగతి. కథ అయిపోవాలి. అవ్వలేదు.

1895లో హెర్మన్ ఎబర్‌హార్డ్ అనే జర్మన్ వలసదారు తన పొలాలకి దగ్గర్లో ఉన్న ఒక పెద్ద గుహలోకి వెళ్ళాడు. అక్కడ ఒక చర్మం దొరికింది. ఎముక కాదు, చర్మం. దాని మీద పొడుగాటి ముతక వెంట్రుకలు అలాగే ఉన్నాయి. లోపలి వైపు చిక్కుడు గింజలంత ఎముక ముక్కలు రాళ్ళు పరిచినట్టు అతుక్కుని ఉన్నాయి. ప్రకృతి ఇచ్చిన కవచం అన్నమాట. చూస్తే ఈ మధ్యే ఒలిచినట్టు ఉంది. తర్వాత వెళ్ళినవాళ్ళకి గుహలో పేడ కూడా దొరికింది. అదీ తాజాగానే కనిపించింది.

ఇక చూడండి. 1898లో ఫ్లోరెంటినో అమెగినో అనే అర్జెంటీనా శాస్త్రవేత్త ఈ జంతువు ఇంకా బతికే ఉందని ప్రకటించాడు. దానికి కొత్త పేరు కూడా పెట్టాడు. రమోన్ లిస్తా అనే యాత్రికుడు పాటగోనియాలో వెంట్రుకలతో ఉన్న ఒక వింత జంతువుని చూశానని, కాలిస్తే తూటా దానికేమీ చేయలేదని చెప్పిన కథని దీనికి జోడించాడు. లిస్తా అప్పటికే చనిపోయాడు కాబట్టి అడిగి కనుక్కునే వీలు కూడా లేదు. మరో పరిశోధకుడు ఇంకో అడుగు ముందుకేసి, పాతకాలం మనుషులు దీన్ని గుహలో కట్టేసి పశువులా పెంచుకున్నారు అన్నాడు.

న్యూస్ లండన్ చేరింది. 1900లో కొత్తగా పెట్టిన డెయిలీ ఎక్స్‌ప్రెస్ అనే పేపర్ హెస్కెత్ ప్రిచర్డ్ అనే కుర్రాడిని పాటగోనియా పంపింది. వయసు 23. పని, బతికున్న స్లాత్‌ని వెతకడం. ఇప్పటి భాషలో చెప్పాలంటే పక్కా కంటెంట్. దొరికితే శతాబ్దపు న్యూస్, దొరక్కపోయినా పేపర్ అమ్ముడుపోతుంది. నేను కూడా ఇప్పుడు ఇదే పరిశ్రమలో ఉన్నాను కాబట్టి ఆ ఎడిటర్‌ని తిట్టలేను. ప్రిచర్డ్ మాత్రం నిజాయితీగా తిరిగాడు. నెలల తరబడి గుర్రాల మీద పాటగోనియా చుట్టాడు. తిరిగొచ్చి 1902లో పుస్తకం రాశాడు. ఆ జంతువు బతికుందనడానికి తనకి ఏ ఆధారమూ దొరకలేదని చెప్పాడు. వ్యూస్ కోసం ఒక అడుగు ముద్ర చూశాననో, ఒక అరుపు విన్నాననో చెప్పొచ్చు. చెప్పలేదు. ఈ మూడు వెతుకులాటల్లో నాకు ఎక్కువ గౌరవం ఈయన మీదే.

మరి తాజా చర్మం సంగతి? దానికి జవాబు కోసం ఇంకో 50 ఏళ్ళు ఆగాల్సి వచ్చింది. 1940ల చివర్లో అమెరికాలో విల్లర్డ్ లిబ్బీ రేడియోకార్బన్ పద్ధతి కనిపెట్టాడు. ప్రాణం ఉన్నంతకాలం శరీరంలోకి కార్బన్-14 చేరుతూనే ఉంటుంది. చనిపోయాక కొత్తది చేరదు, ఉన్నది తెలిసిన లెక్క ప్రకారం తగ్గిపోతూ వస్తుంది. ఎంత మిగిలిందో కొలిస్తే చనిపోయి ఎన్నాళ్ళైందో తెలుస్తుంది. ఆ తొలినాళ్ళలో పరీక్షించినవాటిలో ఈ గుహలోని స్లాత్ పేడ కూడా ఒకటి. జవాబు, పది వేల ఏళ్ళకు పైనే. చల్లగా, పొడిగా ఉన్న గుహ ఒక ఫ్రిజ్‌లా పనిచేసింది. పది వేల ఏళ్ళ నాటి చర్మం నిన్నటి దానిలా కనిపించింది, అంతే. తప్పు ఎవరిదీ కాదు. కానీ కళ్ళతో చూసి తేదీ చెప్పేస్తే ఏమవుతుందో అర్థమైంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇవి ఎలా పోయాయి?

మెగాథీరియం, మెగలానిక్స్, మైలోడాన్, ఇవన్నీ దాదాపు ఒకే కాలంలో, మంచుయుగం ముగిసే వేళ, ప్రధాన ఖండాల మీద మాయమయ్యాయి. ఆ సమయంలో రెండు పెద్ద మార్పులు జరిగాయి. వాతావరణం వేడెక్కింది, అడవులు, గడ్డి మైదానాలు మారిపోయాయి. అదే కాలానికి అమెరికా ఖండాల్లో మనుషులు విస్తరించారు. రెండూ కలిసి రావడం వల్ల ఎవరిది ఎంత బాధ్యత అనేది శాస్త్రవేత్తల మధ్య ఇప్పటికీ వాదనే. కానీ మూడు సాక్ష్యాలు మీ ముందు పెడతాను.

ఒకటి, అర్జెంటీనాలో కాంపో లబోర్దె అనే చోటు. సుమారు 12,600 ఏళ్ళ క్రితం ఒక చిత్తడి నేల పక్కన మనుషులు మెగాథీరియంని చంపి కోశారు. ఎముకల మీద కోతలు, పక్కన రాతి పనిముట్లు ఉన్నాయి. 2019లో దీని మీద పరిశోధన వచ్చింది.

రెండు, అమెరికాలో న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్. అక్కడ పాతకాలపు చెరువు నేల మీద గ్రౌండ్ స్లాత్ అడుగులు గట్టిపడి మిగిలాయి. కొన్ని చోట్ల స్లాత్ అడుగు లోపలే మనిషి అడుగు ఉంది. మనిషి తన మామూలు అంగ కంటే పెద్ద అంగలు వేస్తూ, సరిగ్గా దాని అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ వెళ్ళాడు. మనుషుల అడుగులు దగ్గరయ్యే చోట స్లాత్ దారి మార్చింది, వెనక కాళ్ళ మీద లేచి తిరిగింది. అక్కడ ఏం జరిగిందో మీరే ఊహించుకోండి. నేను మ్యూజిక్ పెట్టి చూపించాల్సిన పని లేదు.

మూడు, అన్నిటికంటే బలమైనది, కరీబియన్ దీవులు. క్యూబా, హిస్పానియోలా దీవుల్లో కూడా చిన్న సైజు గ్రౌండ్ స్లాత్‌లు ఉండేవి. వాతావరణ మార్పు అక్కడికీ వచ్చింది. కానీ అవి పోలేదు. ఖండాల మీద స్లాత్‌లు పోయాక కూడా వేల ఏళ్ళు బతికాయి. సుమారు ఐదు వేల ఏళ్ళ క్రితం దాకా. అంటే మన సింధు లోయలో జనం ఊళ్ళు కట్టుకుంటున్న కాలం అది. తర్వాత పోయాయి. ఆ దీవులకి మనుషులు చేరిన కాలం కూడా ఇంచుమించు అదే. ఖండం మీద ఒకసారి, దీవుల్లో వేరే సమయంలో ఇంకోసారి. రెండు చోట్లా ఉమ్మడిగా ఉన్నది ఎవరో మీకు అర్థమయ్యే ఉంటుంది.

పెద్ద జంతువులకి ఇంకో సమస్య ఉంది. అవి నిదానంగా పిల్లల్ని కంటాయి. ప్రతి తరంలో కొంచెం ఎక్కువ చంపితే చాలు. చంపేవాడికి కూడా తెలియదు తను చివరిదాన్ని చంపుతున్నానని. అతనికి అది ఆ రోజు భోజనం.

ఇప్పుడు ఆ మూడు వెతుకులాటలు మళ్ళీ గుర్తు చేసుకోండి. రాజు, ప్రెసిడెంట్, పేపర్ కుర్రాడు. ముగ్గురూ ఎక్కడో బతికుందని వెతికారు. అది పోవడానికి మనిషి చెయ్యి కూడా కారణం అయి ఉండొచ్చని వాళ్ళకి తోచడానికి దారి లేదు.

అయితే వెతకడం తప్పా? కాదు. దానికి మన దగ్గరే ఉదాహరణ ఉంది. కలివికోడి. 1848లో థామస్ జెర్డాన్ దీన్ని కనుక్కున్నాడు, అందుకే ఇంగ్లిష్‌లో జెర్డాన్స్ కోర్సర్ అంటారు. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. పోయిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్ళీ కనిపించింది, స్థానికుల సాయంతోనే. దాని కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. కలివికోడి చిన్న పిట్ట, రాత్రిపూట తిరుగుతుంది, ముళ్ళపొదల్లో ఉంటుంది. 86 ఏళ్ళు మన కళ్ళు తప్పించుకోగలిగింది. నాలుగు టన్నుల మెగాథీరియం అలా తప్పించుకోలేదు. "లేదు" అని చెప్పే ముందు ఏ జంతువుకి ఎంత వెతకాలో కూడా ఒక లెక్క ఉంటుంది.

కలివికోడి దొరికాక కూడా మధ్యలో ఏళ్ళ తరబడి జాడ లేకుండా పోయింది. కాబట్టి దాని విషయంలో ఇంకా వెతకాలి, ఆ ముళ్ళపొదల్ని కాపాడాలి. రెండూ చేయడానికి టైమ్ ఉంది.

జెఫర్సన్ గొలుసు వాదన తప్పని తేలింది. లింకులు పోతాయి. కానీ ఆయన భయపడింది మాత్రం తప్పు కాదు. ఒకటి పోతే ఇంకోటి పోవచ్చు. మెగాథీరియంని చంపిన వేటగాడికి ఆ సంగతి తెలియదు. కార్లోస్ రాజుకి తెలియదు. మనకి తెలుసు. ఆ తెలివి మనిషికి వచ్చి ఇంకా 230 ఏళ్ళే అయింది, అది కూడా ఇలాంటి ఎముకల దయవల్ల.

ఈసారి ఎక్కడైనా స్లాత్ రీల్ వస్తే నవ్వుకోండి, పర్లేదు. ఒక్కసారి దాని గోళ్ళ వైపు మాత్రం చూడండి. 2019లో వచ్చిన జన్యు పరిశోధనల ప్రకారం మూడు వేళ్ళ స్లాత్ మన మెగాథీరియం, మెగలానిక్స్‌లకి దగ్గరి చుట్టం. రెండు వేళ్ళ స్లాత్ మైలోడాన్‌కి చుట్టం. బతికున్నది ఒకటి పంపమని రాజుగారు అడిగారు కదా. చిన్నదైనా పర్లేదు అన్నారు కదా. ఆ కుటుంబంలో చెట్టెక్కి, చిన్నగా ఉండి, మన కంట పడకుండా మిగిలినవి ఇవే.

మీ ఊరి పక్కన ఒకప్పుడు కనిపించి, ఇప్పుడు కనిపించని పిట్టో జంతువో ఏదైనా ఉంటే పెద్దవాళ్ళని అడిగి, దాని ఊరి పేరుతో సహా నాకు రాయండి. వచ్చిన వాటి మీద ఒక ఎపిసోడ్ చేద్దాం. మళ్ళీ కలుద్దాం, నమస్తే.